వదినా ఆడపడుచుల జంట సైకిల్

ఆ ఆసుపత్రికి ఫోన్ చేసిన వాళ్ళందరికీ ఆమె గొంతు తెలుసు. మనిషిని చూసినవాళ్ళు తక్కువ. మెట్ల కింద ఉన్న చిన్న గదిలో, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, పిల్లల వార్డు కావాలన్నవాళ్ళను పిల్లల వార్డుకూ ఎక్స్‌రే అన్నవాళ్ళను ఎక్స్‌రే గదికీ కలుపుతూ ఏళ్ళ తరబడి అక్కడే కూర్చుంటోంది. అందరికీ ఆపరేటరమ్మే. ఆ పిలుపు ఇంటిదాకా పాకింది. ఫ్రిజ్‌లు బాగుచేసే అన్నయ్య కూడా వేళాకోళానికి, "ఆపరేటరమ్మా, వంటగదికి లైను కలుపు, కాఫీ ఎందాకా వచ్చిందో కనుక్కుందాం" అంటుంటాడు.

చిన్నప్పుడు వచ్చిన ఒక జ్వరం ఆమె చూపును తనతో తీసుకుపోయింది. ఎవరైనా జాలిపడబోతే, "పోయి చాలా కాలమైంది లెండి, ఇప్పుడు వెతికినా దొరకదు" అని నవ్వేసేది. ఇంకొకరి సాయం అడగడం ఆమెకు గిట్టదు. అలాంటి మనిషిని సైకిల్ ఎక్కించింది వదిన.

వదిన పెళ్ళికి ముందు కాలేజీ తరఫున సైకిల్ పందేలు తొక్కింది. పెళ్ళయ్యాక కుట్టుమిషనే సైకిలనుకుని తొక్కుతోందని అన్నయ్య జోకు. చూపులేని వాళ్ళకు ఆటలు నేర్పే క్లబ్బొకటి జంట సైకిల్ తొక్కేవాళ్ళ కోసం వెతుకుతోందని విన్న రోజునే ఆమె మిషన్ మీద బట్ట అలాగే వదిలేసి, ఆడపడుచు చేయి పట్టుకుని బయల్దేరింది.

"నన్నడిగావా?" అంది ఆపరేటరమ్మ దారిలో.

"అడిగితే వద్దంటావుగా. అందుకే అడగలేదు."

జంట సైకిల్‌కు రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళు. ముందు కూర్చున్నవాళ్ళది హ్యాండిల్, బ్రేకు, గేరు. వెనక కూర్చున్నవాళ్ళకు పట్టుకోవడానికి కదలని కడ్డీ, తొక్కడానికి కాళ్ళు. రెండు జతల పెడళ్ళనూ ఒకే గొలుసు కలుపుతుంది కాబట్టి ఒకరు తొక్కితే రెండోవాళ్ళ కాళ్ళూ తిరగాల్సిందే, ఒకరు ఆపితే ఇద్దరూ ఆగాల్సిందే.

తొక్కడం తొందరగానే వచ్చింది. రానిదల్లా ఒరగడం. మలుపులో సైకిల్ పక్కకు వాలినప్పుడు ఒళ్ళంతా దానితోపాటు వాల్చాలి. ఆపరేటరమ్మ ఒళ్ళు మాత్రం పడిపోతున్నాననుకుని నిటారుగా బిగుసుకునేది. వెనక బరువు అలా ఎదురు తిరిగితే సైకిల్ మలుపు దాటి రోడ్డు అంచుకు పోతుంది. "నువ్వు నామీద అలిగి కూర్చున్నట్టుందే" అని వదిన విసుక్కునేది. చివరికి ఇంట్లోనే ఆడపడుచు రెండు చేతులూ తన నడుం మీద పెట్టించుకుని వంటగది బల్ల చుట్టూ తిరిగింది. తను ఎటు వాలితే అటు, ఎంత వాలితే అంత. అన్నయ్య గుమ్మంలో నిలబడి, "ఈ రైలు ఎక్కడిదాకా పోతుంది?" అని అడిగి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. కొన్ని వారాలకు ఒళ్ళు నేర్చుకుంది. వదిన నోటి నుంచి "కుడి" అన్న మాట రాకముందే ఆమె ఒంటి కదలిక సైకిల్ గుండా ఆపరేటరమ్మకు అందేది.

మాటల పుట్ట వదిన. రోడ్డునంతా చెబుతూ తొక్కేది. "గుంత, లేచి కూర్చో. ముందు ఎర్ర చొక్కాల జంట, ఆ వెనకావిడ చెప్పులేసుకొచ్చింది చూడు. ఎడమ. ఇప్పుడు చంపెయ్!" చంపెయ్ అంటే బలమంతా పెట్టి తొక్కమని. మూడేళ్ళలో వాళ్ళిద్దరూ ఆ ప్రాంతంలో పేరున్న జంటయ్యారు.

అలాంటి రోజుల్లోనే ఆ దిగుడు రోడ్డు వచ్చింది.

జంటలను ఒకదాని తర్వాత ఒకటిగా, కొద్ది ఎడంతో వదిలే పందెం అది. దిగుడు చివర కుడివైపు మలుపు. వదిన "కుడి" అంది, ఇద్దరూ ఒరిగారు. రోడ్డు మీద ఎవరికీ కనపడని సన్నటి ఇసుక ఉంది. ముందు చక్రం జారిపోయింది. చూపున్నవాళ్ళకు పడబోయే ముందు రెప్పపాటైనా తెలుస్తుంది. ఆపరేటరమ్మకు ఆ రెప్పపాటు కూడా లేదు. తన కింద ఉండాల్సిన సైకిల్ లేదు, అరచేతుల కింద కాలుతున్న తారు ఉంది.

"వదినా!" అని అరిచింది. జవాబు లేదు. చక్రం గిర్రున తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. చక్రం దగ్గరే వదిన ఉంటుందనుకుని, ఆ చప్పుడు వైపు చేతుల మీదా మోకాళ్ళ మీదా పాకింది. పక్కనుంచి ఏదో గాలి దుమారంలా దూసుకుపోయింది. ఎవరో అరిచారు. ఎవరో చంకల్లో చేతులు వేసి ఆమెను లాగి పక్కన కూర్చోబెట్టారు. ఆ దూసుకుపోయింది కూడా సాయానికి పరుగెత్తుకొచ్చిన వాళ్ళేననుకుంది.

ఆమెకు చర్మం గీరుకుపోయింది, అంతే. వదినకు మెడకింద ఎముక రెండుచోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి లోపల లోహపు పట్టీ వేశారు. వచ్చినవాళ్ళంతా ఆపరేటరమ్మను, "నువ్వు అదృష్టవంతురాలివి" అన్నారు. ఆ మాట వచ్చినప్పుడల్లా మంచం మీద వదిన గోడవైపు తిరిగేది. నొప్పి కాబోలు అనుకున్నారు.

నెలలు గడిచాయి. ఎముక చక్కగా అతికిందని డాక్టరు చెప్పాడు. చేయి తలమీదికి లేచింది, కుట్టుమిషన్ నడిచింది. ఒక ఉదయం వదినే, "పద, తొక్కుదాం" అంది.

తిన్నటి రోడ్డు మీద అంతా మునుపటిలాగే ఉంది. మలుపు రాగానే ఆపరేటరమ్మ అరికాళ్ళకు ఏదో తెలిసింది. పెడల్ రవ్వంత ఆగి తిరిగింది. తర్వాతి మలుపులో అలాగే. ఆ తర్వాత బ్రేకు కూడా మొదలైంది.

"ఏమైంది వదినా?"

"ఎదురుగా ఆటో వచ్చింది."

ఆటో చప్పుడేదీ ఆమె చెవిన పడలేదు. చెవులతోనే బతుకు వెళ్ళదీస్తున్న మనిషి ఆమె. మర్నాడు కుక్క అడ్డొచ్చింది, ఇంకో రోజు పిల్లలు. అన్నిటికంటే ఆమెను భయపెట్టింది వేరే. వదిన రోడ్డును చెప్పడం మానేసింది. "కుడి", "ఎడమ", అంతే.

ఒకరోజు ఆపరేటరమ్మకు ఓపిక నశించింది. మలుపులో పెడల్ ఆగబోతుంటే తన కాళ్ళ బలమంతా పెట్టి ముందుకు తొక్కింది. సైకిల్ అటూ ఇటూ ఊగింది. వదిన కీచుమని బ్రేకు వేసి, కాలు దించి నిలబడిపోయింది.

"పిచ్చి పట్టిందా నీకు? ముందు ఏముందో నీకేం తెలుసు? నీకు కనపడదు!"

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆ మాట వదిన నోట ఎన్నడూ రాలేదు. వచ్చాక వెనక్కి తీసుకోవడం వదినకూ, విననట్టుండడం ఆపరేటరమ్మకూ చేతకాలేదు. సైకిల్‌ను నడిపించుకుంటూ ఇంటికి వచ్చారు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర అన్నయ్య రెండు జోకులు వేసి, ఎవరూ నవ్వకపోయేసరికి కంచంలోకి చూస్తూ తినేశాడు.

క్లబ్బు కోచ్ వాళ్ళ వేగం కొలిచి పెదవి విరిచాడు. పెద్ద పోటీకి జట్టును ఎంచే పందెం దగ్గరపడుతోంది. కొరియర్ కంపెనీలో సైకిల్ మీద పార్సిళ్ళు పంచే అమ్మాయి ఒకతె కొత్తగా చేరిందనీ ఆమెతో తొక్కి చూడమనీ ఆపరేటరమ్మను అడిగాడు. సరేనంది. "మరి మీ వదినగారు?" అంటే, "ఆవిడకి ఎముక ఇంకా నొప్పిగానే ఉందండీ" అని చెప్పింది.

ఆ మాట రెండు రోజుల్లో ఇల్లు చేరింది. వదిన మిషన్ ఆపి, వచ్చి ఎదురుగా నిలబడింది.

"నా ఎముక అతికింది. అబద్ధం ఎందుకు చెప్పావు?"

"మరేం చెప్పమంటావు? మా వదిన భయపడుతోందని చెప్పనా?"

"చెప్పు. భయమే. నా ఎముక గురించి అనుకుంటున్నావా? ఆ రోజు నేను రోడ్డు అంచున పడ్డాను. సైకిలేమో జారిపోయి నడిరోడ్డులో పడింది. నువ్వు దాని చప్పుడు విని అటు పాకుతున్నావు. పైనుంచి తర్వాతి జంట దిగుతోంది, నాకు కనపడుతోంది. నిన్ను పిలవాలి. ఊపిరి అందట్లేదు నాకు. నోరు తెరిస్తే గాలి కూడా రావట్లేదు. వాళ్ళు నీ తల పక్కనుంచి పోయారు. జానెడు దూరం లేదు."

ఆపరేటరమ్మకు ఆ గాలి దుమారం ఏమిటో ఇన్నాళ్ళకు తెలిసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మళ్ళీ ఎక్కుతావా? ఎక్కవన్న భయంతో దాచాను. ఎక్కాక నాకే చేతకాలేదు." వదిన కొంగుతో ముఖం తుడుచుకుంది. "ప్రతి మలుపులోనూ నువ్వు పాకుతూ కనపడతావు. నేనేం చెయ్యను? ఆ పిల్లతో వెళ్ళు. నాతో వద్దు."

ఆపరేటరమ్మ వెళ్ళింది. అయితే వదిన చెప్పిన మాట కూడా ఆమెతో పాటే వెనక సీటెక్కింది. కొరియర్ పిల్ల చూడ్డానికి పిడికెడంత మనిషట, కాళ్ళలో మాత్రం ఇంజనుంది. మాట మహా పొదుపు. తొక్కిన మొదటి రోజే మలుపు దాటాక, "అక్కా, ఒరగట్లేదు మీరు" అంది.

"ఒరిగాను కదమ్మా."

"లేదక్కా. బిగుసుకున్నారు."

నిజమే. మూడేళ్ళపాటు ఆమెకు భయం తెలియలేదు, భయపడాల్సింది ఏముందో తెలియలేదు కాబట్టి. ఇప్పుడు మలుపు వస్తోందనగానే తల పక్కనుంచి ఆ గాలి దూసుకుపోతున్నట్టుండేది. నేర్చుకున్నదంతా ఒంట్లోంచి ఎవరో తోడేసినట్టుంది. ఆసుపత్రి గదిలో ఫోన్లు కలుపుతూ కూడా కుర్చీలో కుడికీ ఎడమకూ వాలి చూసుకునేది. కుర్చీలో బాగానే వచ్చేది. అప్పటివరకూ వదినను లోలోపల పిరికిదనుకున్నందుకు సిగ్గేసింది. ఆ సంగతి వదినకు చెప్పాలనుకుని, అన్నం వడ్డిస్తున్నప్పుడల్లా ఉప్పు గురించో నీళ్ళ గురించో మాట్లాడి ఊరుకునేది.

ఎంపిక పందెంనాడు వదిన ఇంట్లోనే ఉండిపోయింది. మొదటి సగం బాగా సాగింది. రెండో పెద్ద మలుపులో ఆపరేటరమ్మ ఒళ్ళు మొండికేసింది. సైకిల్ రోడ్డు అంచు దాకా పోయి, తమాయించుకుని, మళ్ళీ దారిలో పడేలోపు వెనకున్న జంట దాటిపోయింది. మూడో స్థానం వచ్చింది. జట్టులోకి తీసుకునేది మొదటి రెండు జంటలనే. కొరియర్ పిల్ల ఏడవలేదు, తిట్టలేదు. "వచ్చే ఏడు తొక్కుదాం అక్కా, నాకు పార్సిళ్ళున్నాయి" అని వెళ్ళిపోయింది.

ఇంటికి రాగానే ఆమె ముఖం చూసి వదిన అడిగింది. "పందెం ఎక్కడ పోయింది?"

"రెండో మలుపులో. నేనే బిగుసుకున్నాను. ఆ పిల్ల తప్పేం లేదు."

వదిన మంచినీళ్ళ గ్లాసు ఆమె చేతికిచ్చింది. "నేను చెప్పకుండా ఉండాల్సింది."

"ఏమో. తెలియకుండా తొక్కితే గెలిచేదాన్నేమో. కానీ నీమీద ఆ కోపం అలాగే ఉండిపోయేది."

ఆ తర్వాత ఆపరేటరమ్మ కొరియర్ పిల్లతో తొక్కడం మానలేదు. మలుపులో వేగం తగ్గించి, మళ్ళీ కొంచెం కొంచెం పెంచుకుంటూ, మొదటి నుంచి నేర్చుకుంటోంది. కొన్ని రోజులు ఒళ్ళు మాట వింటుంది, కొన్ని రోజులు వినదు. వదిన మాత్రం మళ్ళీ ఎక్కలేదు. కొరియర్ పిల్ల ఎత్తుకు క్లబ్బు వేరే సైకిల్ ఇచ్చింది. వదినతో తొక్కిన సైకిల్ కూడా క్లబ్బుదే కావడంతో, ఇంకో జంటకు ఇవ్వడానికి కోచ్ ఒక ఉదయం వ్యాన్ పంపాడు.

వదిన సైకిల్‌ను ముందు రోజే కడిగి, గొలుసుకు నూనె వేసి పెట్టింది. వ్యానువాడు ఎక్కించబోతే, "ఉండు బాబూ, మేం తెస్తాం" అని తను ముందు హ్యాండిల్ పట్టుకుంది. ఆపరేటరమ్మ వెనక కడ్డీ పట్టుకుంది. ఇద్దరూ దాన్ని వీధిలోకి నడిపించారు. గుమ్మం మెట్టు దగ్గర వదిన అలవాటుగా, "మెట్టు" అంది.

వ్యాన్ వెళ్ళిపోయాక కూడా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

"రేపు ప్రాక్టీసుందా?" అంది వదిన.

"ఉంది."

"ఆ పిల్ల రోడ్డు చెప్తుందా, చెప్పదా?"

"కుడి ఎడమలు చెప్తుంది. గుంతలు చెప్పదు."

"గుంతలు చెప్పకపోతే ఎలా? నడుం పోతుంది నీకు. చెప్పమను. లేకపోతే నేనొచ్చి చెప్తానను."

"వస్తావా మరి?"

వదిన ఆమె చేయి పట్టుకుని గుమ్మం వైపు తిరిగి, "మెట్టు" అంది. ఆపరేటరమ్మ మెట్టెక్కింది.