కార్డు మాధవి మెడలోనే ఉంది

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కునే రకం నేను. నమ్మకం లేదు, వినే ఓపిక అంతకన్నా లేదు. ఇప్పటికీ ఎవరైనా ఇంట్లో చప్పుళ్ళు వస్తున్నాయంటే ముందు ప్లంబర్‌ని పిలవమంటాను. అందుకే ఇది రాయడానికి నాకే మొహమాటంగా ఉంది.

అప్పట్లో న్యూజెర్సీలో, పిస్కాటవే దగ్గర ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. ఆ బిల్డింగ్‌లో లోపలికి వెళ్ళినా బయటికి వచ్చినా ప్రతి తలుపు దగ్గరా కార్డు చూపించాలి. ఎవరి కార్డుకి ఏ తలుపు తెరుచుకోవాలో, ఎవరు ఎక్కడున్నారో అంతా ఒక డేటాబేస్‌లో ఉంటుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండటం నా పని. బ్యాకప్‌లు, పాస్‌వర్డ్‌లు, మానేసినవాళ్ళ కార్డులు ఆపేయడం. చెప్పుకోడానికి సరదా ఏమీ లేదు కానీ నాకు ఇష్టంగానే ఉండేది.

మాధవి అదే బిల్డింగ్‌లో, పై అంతస్తు ల్యాబ్‌లో చేసేది. వరంగల్ అమ్మాయి, నా రూమ్మేట్. రోజూ నా కార్లోనే కలిసి వెళ్ళి వచ్చేవాళ్ళం. ఆ దేశంలో నాకు ఒంట్లో బాగోకపోతే చారు కాచి పెట్టే మనిషి తను ఒక్కతే.

ఆ వారమే డేటాబేస్‌ని కొత్త సర్వర్‌కి మార్చాను. అందరూ వాడేస్తున్న పాత పాస్‌వర్డ్ తీసిపారేసి, నేనూ మా మేనేజరూ తప్ప ఎవరూ ముట్టుకోకుండా కట్టుదిట్టం చేశాను. మనసులో కాస్త గర్వంగానే ఉంది.

లంచ్ వేళ ఎవరో మైక్రోవేవ్‌లో పాప్‌కార్న్ మాడబెట్టారు. ఫైర్ అలారం మోగింది. అందరం నవ్వుకుంటూ పార్కింగ్ లాట్‌లోకి వచ్చి, బయటపడ్డట్టు లెక్క కోసం అక్కడి గేటు దగ్గర కార్డులు చూపించాం. లోపల ఇంకా ఎవరున్నారో చూడటానికి నేను లాప్‌టాప్ తెరిచాను. ఒక్క పేరు ఉంది. మాధవి.

మాధవి నా పక్కనే నిలబడి ఉంది. కార్డు మెడలోనే ఉంది.

"నేనీడ ఉంటే లోపల ఎవలున్నరే? నీ డేటాబేస్ గూడ మాడినట్టుంది" అని నవ్వింది.

ఫైర్ వాళ్ళు వెళ్ళి అన్ని గదులూ వెతికి ఎవరూ లేరన్నారు. మేనేజర్ నావైపు చూసిన చూపుకి తల కొట్టేసినట్టయింది. మాధవి బయటే ఉన్నట్టు నేనే మార్చాను. మార్చిన మరుక్షణం మళ్ళీ లోపల అని వచ్చింది. ల్యాబ్ తలుపు. కాసేపటికి కారిడార్ తలుపు. తర్వాత మెట్ల తలుపు. మాధవి రోజూ కిందికి దిగివచ్చే దారే అది.

పాత రికార్డులు ఆలస్యంగా వస్తున్నాయని మేనేజర్‌కి చెప్పాను. సర్వర్ ఆగినప్పుడు తలుపుల దగ్గరి పరికరాలు రికార్డులు దాచుకుని తర్వాత పంపడం మామూలే. కానీ అలాంటివి పాత టైమ్‌తో వస్తాయి. వీటి మీద ఉన్నది సరిగ్గా ఆ నిమిషం టైమే. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

ఎవరో మాధవి కార్డుకి నకలు చేసి లోపల తిరుగుతున్నారనుకున్నాను. అలాంటప్పుడు ఎవరైనా చేసేదే చేశాను. ఆ కార్డు ఆపేశాను.

మాకు ఎదురుగా మెయిన్ డోర్, మొత్తం అద్దం. లోపలివైపు కార్డు చూపించే చోట ఎర్ర లైటు వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. అద్దం వెనక ఎవరూ లేరు. స్క్రీన్ మీద వరసగా ఒకటే మాట: మాధవి, బయటికి, అనుమతి లేదు. గేటు దగ్గరి గార్డు కూడా ఆ లైటు చూశాడు.

నా ఒళ్ళు జల్లుమన్నది అందుకు కాదు. అలారం మోగితే తలుపుల తాళాలన్నీ వాటంతట అవే వదిలేస్తాయి. బయటికి రావడానికి కార్డు అక్కర్లేదు, తోస్తే చాలు. అయినా అక్కడున్నది తొయ్యడం లేదు. ఓపిగ్గా కార్డు చూపిస్తూనే ఉంది.

అప్పుడు నా చెవి పక్కన మాధవి గొంతు వినిపించింది.

"తలుపు తియ్యవే సుజాతా. ఎంతసేపు నిలబెడ్తవ్ నన్ను?"

తిరిగి చూశాను. తను రెప్ప వెయ్యకుండా ఆ అద్దంవైపే చూస్తోంది. చెయ్యి పట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసిన పాల డబ్బాలా ఉంది. పిలిచినా పలకలేదు. పెదవులు నల్లబడ్డాయి, మోకాళ్ళు వంగిపోతున్నాయి. మాధవి నా చేతుల్లో పోతోందనుకున్నాను. ఎవరు, ఏమిటి అని ఆలోచించలేదు. ఆ కార్డుని మళ్ళీ పనిచేసేలా చేశాను.

లైటు ఆకుపచ్చగా వెలిగింది. తలుపు కదల్లేదు. లాప్‌టాప్‌లో పేరు పోయింది. మాధవి నీళ్ళలోంచి పైకి తేలినట్టు గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఏమైందే, గట్ల చూస్తున్నవేంది?" అంది.

తర్వాత పరికరాలు అమర్చినవాళ్ళు వచ్చి అన్నీ విప్పి చూశారు. ఏ లోపమూ దొరకలేదు. కెమెరాలో లైటు వెలగడం తప్ప ఏమీ లేదు. నేనూ డేటాబేస్ అంతా జల్లెడ పట్టాను. కొత్త కార్డు లేదు, బయటివాళ్ళెవరూ చొరబడిన జాడ లేదు. తలుపు తియ్యమని తను అననే లేదంటుంది మాధవి. నా పక్కన నిలబడ్డ సంగతి కూడా గుర్తు లేదట. మెట్లు దిగి నడుచుకుంటూ మెయిన్ డోర్‌లోంచి వచ్చానంటుంది.

ఇదంతా ఎలా జరిగిందో వెతకడం మానేశాను. మాధవి ఇప్పుడు హాయిగా ఉంది, వారానికోసారి ఫోన్ చేస్తుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా ఒక్కోసారి భయం పట్టుకుంటుంది. ఆ సాయంత్రం నా కార్లో పక్కన కూర్చుని ఇంటికొచ్చింది, ముందునుంచీ బయట నాతో ఉన్న మాధవా, నేను తలుపు తీస్తే వచ్చిన మాధవా అని. తనని ఈ మాట ఇంతవరకూ అడగలేదు.