జీపు ముందు చక్రాలు

"ముందటి చక్రాలు మోటరును మలిపేటందుకున్నయ్ గని గుంజేటందుకా? నాకు చెప్తున్నవా?"

"జర చూసి మాట్లాడు బావా! ఎడ్లను ఇంకెంతసేపు కొడ్తవ్?"

నా చిన్నప్పుడు, మొగులు పట్టి వానొచ్చేలా ఉన్న ఒక పగటిపూట, పంజాగుట్ట వాగు దగ్గర మా నాయనా మా చిన్నమామా ఇలా అరుచుకున్నారు. సోమాజిగూడ నుంచి అమీర్‌పేటకు ఇల్లు మారుతూ మగ్గం విప్పి ఎడ్లబండి మీద వేశాం. బండి బురదలో దిగబడింది. మగ్గం కర్ర తడిసి వంగితే మా ఇంట్లో పొయ్యి వెలగదు. మామ ఒక కంట్రాక్టరు దగ్గర, యుద్ధం తర్వాత అమ్మిన పాత మిలిటరీ జీపు నడిపేవాడు. ఆ రోజు దాన్నే తెచ్చి, బండిని దానికి కట్టి లాగుతానన్నాడు. నాయనకేమో తన మగ్గం మీద ఇంకొకరి చెయ్యి పడితే గిట్టదు.

చినుకులు మొదలయ్యాకే నాయన బండికి కట్టిన మోకును జీపు వైపు విసిరాడు. మామ జీపును కంకర మీదికి ఎక్కించబోతే దాని వెనుక చక్రాలు బురదలో గిర్రున తిరిగి నాయన మీదే చిమ్మాయి.

"చూసినవా నీ మోటరు!"

మామ నవ్వి, గేరు పక్కనున్న చిన్న పిడిని మార్చాడు. ముందు చక్రాలు కంకరను పట్టుకున్నాయి. జీపు కదిలింది, దాని వెంట మా బండీ లేచింది.

ఎట్లా అని నేను మామను వదలకుండా అడిగాను. "రాట్నం తిప్పితే దారం ఏసిన కదురే తిరుగుతది గద బిడ్డా! ఇంజను బలం ఇనుప కడ్డీ మీద ఎనక చక్రాలకే పోతుండె. గీ పిడి మారిస్తే ముందటికి సుత ఇంకో కడ్డీ తిరుగుతది. ఎనకవి జారినా ముందటివి గుంజుతయ్."

గట్టి రోడ్డెక్కగానే పిడిని మళ్లీ యథాస్థానానికి తెచ్చాడు. మలుపులో ముందు చక్రాలది పెద్ద చుట్టు, వెనుకవాటిది చిన్న చుట్టట. రెంటినీ ఒకే తీరుగా తిప్పితే గట్టి నేల మీద ఒకదాన్నొకటి పట్టి లాక్కుని అరిగిపోతాయట. బురదలోనైతే కాస్త జారి సర్దుకుంటాయట.

రెండో తరగతితో బడి మానిన నేను ఆ పాఠం మాత్రం మరవలేదు. ఇద్దరితో అయ్యే పనికి మూడో మనిషిని పిలవను. ఇల్లు బురదలో దిగబడిన రోజున మాత్రం ఎవరినీ ఊరికే కూర్చోనివ్వను.

ఆ సాయంత్రం నాయన మగ్గం కర్రలన్నీ తానొక్కడే దించుకున్నాడు. తెల్లవారి మగ్గం నిలబెడుతూ, బరువైన దూలం ఒక కొస పట్టుకుని, జీపెక్కబోతున్న మామను కేకేశాడు.

"ఏం చూస్తున్నవ్? ముందటి దిక్కు పట్టు."