గట్టిపడని మంచు

2009 వసంతంలో నన్ను కొలరాడోలోని ఒక కనుమ దారికి మంచు పరిశీలకుడిగా వేశారు. చలికాలమంతా మూసి ఉండే ఆ రోడ్డును మే నెలాఖరు సెలవులకల్లా తెరవాలి. యంత్రంతో మంచు తొలిచేది మార్క్. ఏ పూట అతణ్ణి కొండవాలు కిందికి పంపవచ్చో చెప్పవలసింది నేను.

వసంతకాలపు మంచు పగలు ఎండకు తడిసి మెత్తబడుతుంది, రాత్రి చలికి మళ్లీ బిగుస్తుంది. రాత్రి మబ్బు పడితే మాత్రం దుప్పటి కప్పినట్టే, ఆ బిగువు రాదు. అలాంటి తడి మంచు ఏ క్షణాన జారి మీద పడుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే పొద్దున్నే బూటుతో తొక్కి చూసేవాణ్ణి. చీలమండ దాటి దిగబడితే ఆ రోజు పని ఆపేయాలి.

రోడ్డు తెరవాల్సిన రోజు అది. రాత్రంతా పట్టిన మబ్బు తెల్లవారాక విడిపోయింది. తొక్కితే మోకాలి దాకా దిగబడ్డాను.

ఎంత అందమైన ఉదయమో! తెల్లని వాలు మీద అక్కడక్కడ గులాబీ రంగు జీర. గాలి లేదు. మంచు అడుగున ఎక్కడో నీళ్లు గలగలమంటున్నాయి. కళ్లు మూసుకుని అక్కడే ఉండిపోవాలనిపించింది. కానీ ఆ నీటి చప్పుడుకే నాకు భయం వేసింది.

అప్పటికే యంత్రంతో బయల్దేరిన మార్క్‌ను వెనక్కి రమ్మన్నాను. గంటలో అయిపోయే పనికి ఈ చాదస్తమేమిటని రేడియోలో విసుక్కున్నాడు. కింద ఊళ్లో మోటెల్ నడిపే శ్రీధర్ ఫోన్ చేశాడు.

“అన్నా, ఇక్కడ ఎండ ఫుల్‌గా ఉంది. డాలస్ నుంచి ఫ్యామిలీస్ డ్రైవ్ చేసుకుంటూ వచ్చేసిన్రు, పిల్లలు స్నో చూడాలని ఒకటే గోల. జర గేట్ ఓపెన్ చేయించరాదే!”

ఎండ ఉండబట్టే తెరవడం లేదన్నాను. వేళాకోళమనుకున్నాడు.

సాయంత్రం దాకా బైనాక్యులర్స్ పట్టుకుని ఆ వాలునే చూస్తూ కూర్చున్నాను. దాచడమెందుకు, ఇప్పుడైనా జారితే బాగుండునని కూడా అనుకున్నాను. జారలేదు. ఆ రాత్రి ఆకాశం తేటగా ఉండి మంచు బిగిసింది. మర్నాడు మార్క్ మిగిలిన పని ముగించాడు, రోడ్డు తెరిచాం. ఆ వాలు తర్వాతా జారలేదు. జూన్‌లో ఆ మంచు మెల్లగా కరిగి వాగులో కలిసిపోయింది.

నా అంచనా సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు. ఈ ఉద్యోగంలో పొరపాటు పడితేనే రుజువు దొరుకుతుంది. ఆ సాయంత్రం మార్క్ నన్ను తిట్టుకుంటూ ఇంటికి వెళ్లాడు. తిట్టుకుంటూనైనా మనిషి ఇంటికి చేరితే ఆ పూట నా పని అయినట్టేనని అప్పుడే నేర్చుకున్నాను.