ఏనుగుల చెలమ

మే నెలలో పలమనేరు అడవి క్యాంపులో దిగాను. సైన్యం నుంచి వచ్చి ఏడాది. ఏనుగులు మామిడి తోటల్లోకి దిగకుండా చూసే కాంట్రాక్టు పని. రేకుల షెడ్డు, వైర్‌లెస్ సెట్టు, టపాకాయలు. తుపాకీ లేదు. సరిహద్దులో తుపాకీతోనే నిద్రపోయినవాణ్ణి. చేతులు బోసిగా అనిపించాయి.

ఒకరోజు పొద్దున ఆరున్నరకు ఆర్డరు వచ్చింది. గుంపు ఎటుందో చూసి చెప్పాలి. నేనూ అడవి గార్డూ బయలుదేరాం. దారిలో ఏనుగు లద్దె కనిపించింది. గార్డు పుల్లతో విడదీశాడు. వెదురు పీచు, చెట్టు బెరడు, వెలగ గింజలు.

"ఈ కొండమింద వెలగచెట్లు ఎవురు నాటినారనుకున్నావప్పా? ఇవే," అన్నాడు. లద్దెను వేలితో తాకి గొంతు తగ్గించాడు. "ఇంకా వేడిగా ఉండాది. ఈడే ఉండాయి."

ఎండిన వాగు వంకలోకి దిగుతూ గార్డు బండ మీద జారాడు. మడమ తిరిగింది. లేపబోతుంటే ఎదురుగా వెదురు ఊగింది. గాలి లేదు. ఏనుగులు బయటికొచ్చాయి, పిల్లతో సహా. అడుగుల చప్పుడే లేదు. బంకర్‌లో షెల్ కూత ముందే వినబడేది, తల దించుకునే వ్యవధి ఉండేది. ఇక్కడ అదీ లేదు.

బండ చాటున నక్కి సెట్టులో గుసగుసగా చెప్పాను.

"టపాకాయ కాల్చొద్దబ్బా, పిల్ల ఉంటే మీదికొస్తాయి. యాడుండారో ఆడే ఉండండి," అన్నాడు క్యాంపు ఆపరేటరు. సెట్టు ఆపేశాను.

"నాకు లేసేదానికి కాదు. నువ్వు పో అప్పా," అన్నాడు గార్డు.

పోలేదు. ధైర్యం కాదు, కాళ్ళు ఆడలేదు.

పెద్ద ఆడ ఏనుగు వెదురు వంచి విరిచింది. లేత కొసలు పిల్లకు అందాయి. తర్వాత కాలితో ఇసక తవ్వి, తొండంతో తోడిపోసింది. చెలమలో నీరూరింది. ఉన్నట్టుండి మా వైపు తిరిగింది. చెవులు విచ్చుకున్నాయి. కాసేపటికి మళ్ళీ నీళ్ళవైపు మళ్ళింది.

అవి గట్టెక్కాక చుక్కల జింకలు దిగాయి. మిగిలిన వెదురాకు తిని, ఆ చెలమలోనే తాగాయి. వంక మొత్తానికి అదొక్కటే నీరు. ఇక గండం గడిచిందనుకుని గార్డును లేపుతూ వెనక్కి తిరిగాను. మా వెనకే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఇసకలో పెద్ద అడుగు.

గార్డు నా భుజం పట్టుకుని దాని మీదికి వంగాడు. "మనం కూసున్నప్పుడు ఇది లేదప్పా. ఒంటిది, మగది. మనల్ని సూసి పోయినాది."

ఆయన్ను వీపున మోసుకుని క్యాంపు చేరాను. వానలు పడ్డాక పని ముగిసింది. చిత్తూరు బస్సెక్కి ఇంటికొచ్చాను.

"ఏనుగుల్ని దగ్గరగా సూసినావా?" అన్నాడు నాయన.

తలూపాను. నాకు కనబడేది ఏనుగు కాదు. మా వెనక పడిన ఆ అడుగు, తాంబాళమంత గుండ్రటి గుంట. దాని అంచున ఇసక ఇంకా లోపలికి రాలుతూనే ఉంది.