తాళం వేసిన మనిషే తీయాలి

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు నా భార్య ఒక స్విచ్చుకు తాళం వేసింది. తాళానికి వేలాడే బిళ్ళ మీద తన పేరు కింద ఆ టైము తనే రాసింది కాబట్టి నేను ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. అది దసరా సెలవులకు ముందురోజు, కంపెనీలో ఆయుధపూజ చేసే రోజు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఆమె తాళం గురించి ఏమీ అనలేదు. అనాల్సినంత విషయం కాదు.

ఆమె నాచారం పారిశ్రామికవాడలో మసాలా పొడులు చేసే ఒక కంపెనీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. నేను ఒక కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా ఇల్లు ఉప్పల్‌లో. ఆమె ఇంటికి రాగానే ముందు ధనియాల వాసన వచ్చేది, ఎండాకాలంలో కారం ఘాటు. ఎన్నిసార్లు ఉతికినా ఆమె చున్నీలకు ఆ వాసన పోయేది కాదు.

కంపెనీలో పొడులు కలిపే యంత్రం ఒకటుంది. పడుకోబెట్టిన పెద్ద పీపాలా ఉంటుంది. లోపల మెలి తిరిగిన ఇనుప రెక్కలుంటాయి. కడగాలన్నా, రిపేరు చేయాలన్నా మనిషి అందులోకి దిగాలి. మనిషి లోపల ఉండగా బయట ఎవరైనా తెలియక స్విచ్ వేస్తే అంతే. అందుకని దిగే ముందు కరెంటు ఆపి, స్విచ్ పిడికి తన సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. తాళం వేసిన మనిషే తీయాలి. మేనేజరుకు కూడా తీసే హక్కు లేదు. ఆ కంపెనీలో ఈ పద్ధతి తెచ్చింది నా భార్య. మొదట్లో అందరూ విసుక్కున్నారట. తర్వాత అలవాటు పడ్డారు.

పండగ ముందు రోజులంటే ఆమెకు భయం. "చేతులు పన్జేస్తుంటయ్, మనసు ఊరి బస్సెక్కి ఉంటది" అనేది. ఆయుధపూజ రోజు యంత్రాలన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. ఆమె పూజకు ముందే షెడ్డంతా తిరిగి ఒక్కొక్క యంత్రానికి కరెంటు ఆపించేది. ప్యానెల్ దగ్గర కొబ్బరికాయ కొట్టనిచ్చేది కాదు. ఒకసారి ఫిట్టరు అడిగాడట, "అక్కా, దేవునికి గూడ నీ పర్మిషన్ గావాల్నా?" అని.

"దేవునికి షాక్ కొట్టదు. నీకు కొడ్తది. జర అవతలికి జరిగి కొట్టు."

గేటు ముందు గుమ్మడికాయ పగలగొట్టాక ఆ ముక్కలు రోడ్డు మీద వదిలేయనిచ్చేది కాదు. బండ్ల మీద వచ్చేవాళ్ళు జారి పడతారని అక్కడే నిలబడి ఊడిపించేది. మేం క్రైస్తవులం. అయినా పూజ అయ్యేదాకా ఉండి, పులిహోర డబ్బాలో పెట్టుకొని ఇంటికి తెచ్చేది.

ఆ జాగ్రత్తలన్నీ ఆమెతో పాటు ఇంటికీ వచ్చాయి. దీపావళికి మేం టపాసులు కాల్చకపోయినా మా గేటు దగ్గర నీళ్ళ బకెట్టు ఉండేది, సందులో పిల్లల కోసం. డిసెంబరులో డాబా మీద నక్షత్రం కట్టడం మా ఇంట్లో పెద్ద పని. చీకటి పడకముందే కట్టాలి. ముందు కింద మెయిన్ ఆపి, ఆ డబ్బాకు చిన్న తాళం వేసి, చెవి తీసుకొని పైకి వచ్చేది. నిచ్చెన ఆమె ఎక్కేది. నేను కింద పట్టుకునేవాణ్ణి.

"పట్టుకున్నవా?"

"పట్టుకున్న."

"రెండు చేతుల్తోనా?"

"రెండు చేతుల్తోనే."

అప్పుడు గాని మొదటి మెట్టు మీద కాలు పెట్టేది కాదు. ఎదురింటి పెద్దాయన, కాలనీలో అందరూ మామ అని పిలుస్తారు, తన డాబా మీద బట్టలు తీసుకుంటూ ఏటా ఒకే మాట అనేవాడు.

"ఏంది సార్, ఇంటామెను పైకెక్కించి నువ్వు కింద నిలవడ్డవ్?"

"ఆయన నిలవడుడే పెద్ద పని మామా. ఆయన ఇడిసిపెడ్తే నేనొచ్చి మీ ఇంట్ల పడ్త."

"అయితే గట్టిగ పట్టు సార్. మొన్ననే రంగులేయించిన."

క్రిస్మస్ ముందు చర్చిలో స్త్రీల కూటానికి ఒక ఏడాది ఆమెను మాట్లాడమన్నారు. వాక్యం చెబుతుందనుకున్నారు. ఆమె ఎక్స్‌టెన్షన్ బోర్డుల గురించి మాట్లాడింది. ఒక బోర్డుకు ఇంకో బోర్డు తగిలించొద్దంది. సీరియల్ బల్బుల వైరు చేతికి వేడిగా తగిలితే పారేయమంది. రాత్రి ఆరాధనకు వచ్చేముందు లైట్లన్నీ ఆపి రమ్మంది. "ఎవ్వలు లేని ఇంట్ల కరెంటుకు ఏం పని?" అంది. చివర్లో ఇంకొకటి చెప్పింది. "ఒక్కరే ఉండేటోళ్ళు నిచ్చెన ముట్టొద్దు. నక్షత్రం కిటికీకి కట్టుకోండి. దేవునికి కిటికీ గూడ కనవడ్తది." అందరూ నవ్వారు. నేను వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను, నేనూ నవ్వాను. ఆ మాట ఎవరి కోసం చెబుతోందో అని ఒకరిద్దరు విధవరాళ్ళ వైపు చూశాను.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఆమె బియ్యం కడుగుతూ ఛాతీలో నొప్పి అంది. ఆటోలో హబ్సిగూడ దాకా మాట్లాడింది. స్టవ్ ఆపానా లేదా అని అడిగింది. ఆపానన్నాను. దవాఖానా చేరేసరికి మాట్లాడటం లేదు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

సమాధుల దగ్గరికి కంపెనీ వాళ్ళు చాలామంది వచ్చారు. తర్వాత ఇల్లు ఖాళీ అయింది. ఓదార్పు కోసం రాసిన పుస్తకాలు రెండు మూడు తీశాను. వాటిలో పోలికలు ఎక్కువ. నది అంటారు, దీపం అంటారు. మూసి పక్కన పెట్టాను. ఆమె మడిచి పెట్టిన బట్టలు ఒక్కొక్కటే విప్పి వాడుకున్నాను. ఆమె పెట్టిన నిమ్మకాయ పచ్చడి అయిపోయింది. ఇంట్లో ఆమె చేత్తో చేసిన పనులన్నీ నేనే ఒక్కొక్కటి చెరిపేస్తున్నట్టు అనిపించేది, కాని తినకుండా, తొడుక్కోకుండా ఎట్లా ఉంటాం.

అట్లాంటి ఒక ఉదయం ఫిట్టరు ఫోన్ చేశాడు.

"సార్, అక్కది తాళం ఒకటి మా దగ్గర ఉండిపోయింది."

నాకు వెంటనే అర్థం కాలేదు. అతను చెప్పాడు. సెలవులకు ముందు పొడులు కలిపే యంత్రంలో ఒక బేరింగు పోయింది. కొత్తది పండగ తర్వాత వస్తుందన్నారు. ఈలోగా ఎవరూ స్విచ్ వేయకుండా ఆమె తాళం వేసి వెళ్ళింది. బేరింగు వచ్చింది, బిగించారు కూడా. తాళం మాత్రం అట్లాగే ఉంది.

"కోసెయ్యండి" అన్నాను.

"కోయొచ్చు సార్. మేనేజర్ సార్ గూడ గదే అంటుండు. కని కోసే ముందు ఇంటికి ఫోన్ జేసి అడగాలె, ఆ మనిషి ఏడున్నదని. అక్క పెట్టిన రూలే. అడగకుంట కోస్తే అక్క ఊకోదు."

అతనే మళ్ళీ అన్నాడు. "చెవి మీ దగ్గరుంటే తెచ్చియ్యండి సార్. అక్క తాళం కోసుడు మా ఎవ్వరికి మనసొప్పుతలేదు. మిషన్ నడ్వకపోతే ప్యాకింగ్ ఆడోళ్ళకు పని లేదు. పొద్దుగాల వచ్చి వాపస్ పోతున్రు."

తాళంచెవి ఆమె సంచీలో ఉంది, కంపెనీ కార్డు తాడుకు కట్టి. ఆ సంచీ నేను అప్పటిదాకా తెరవలేదు. తెరిచాక, చెవి చేతిలో పెట్టుకొని, వెళ్ళకూడదనుకున్నాను. ఆమె చేసిన పనుల్లో ఇంకా చెడకుండా ఉన్నది అదొక్కటే. నేను వెళ్ళి తీస్తే అదీ అయిపోతుంది. వెళ్ళకపోతే వాళ్ళే కోస్తారు, నేను చూడాల్సిన పని ఉండదు. ఆ రోజు వెళ్ళలేదు. మర్నాడు కూడా ఫోన్ తీయలేదు. తర్వాత ఆ ఆడవాళ్ళు గుర్తొచ్చారు. నాచారం గేటు దాకా వచ్చి తిరిగి బస్సు ఎక్కే వాళ్ళలో చాలామంది ఆమెతో కలిసి అన్నం తిన్నవాళ్ళే. ఆమె తాళం వేసింది వాళ్ళను ఆపడానికి కాదు.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర షేర్ ఆటో ఎక్కాను. గేటు దగ్గర నాకో హెల్మెట్ ఇచ్చారు. లోపల అంతా ధనియాల వాసన, ఆమె చున్నీలదే. మేనేజరు కుర్రవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. నేను కూర్చోలేదు.

యంత్రం మీద పూజ నాటి బంతిపూల దండ ఎండిపోయి అట్లాగే ఉంది. స్విచ్చుకు ఎర్ర తాళం. దాని మీద పసుపు బొట్టు. బిళ్ళ మీద ఆమె అక్షరాలు, ఎప్పటిలాగే కుడివైపు వాలి.

ప్యాకింగ్‌లో పనిచేసే ఒకామె పక్కనే నిలబడి ఉంది. నేను బొట్టు వైపు చూడటం చూసి అంది. "అన్నిటికి వెట్టుకుంట వచ్చినం సార్, దానికి గూడ వెట్టిన. అక్క సూసి, నా తాళాన్ని మీ మతంల కలుపుకున్నరా అని నవ్వింది."

"మరి తుడువలేదా?" అన్నాను.

"తుడువలే. ఉండనియ్ అంది."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "సార్, ప్రొసీజర్ ప్రకారం..." అని ఆగాడు. ఫిట్టరు అతన్ని ఆగమన్నట్టు చెయ్యెత్తి, టార్చి తీసుకొని యంత్రం మూత ఎత్తాడు. వంగి లోపలంతా చూశాడు. చూశాక కూడా పిలవాలి, అదీ ఆమె పెట్టిందే. కళ్ళు పొరపాటు పడతాయి, అందుకని.

"లోపల ఎవరన్న ఉన్నరా?"

ఆ ఇనుములో అతని గొంతు పెద్దదై తిరిగి వచ్చింది. అందరం ఊరుకున్నాం. జవాబు కోసం కాసేపు ఆగడం కూడా పద్ధతిలో ఉంది. అంత నిశ్శబ్దంగా ఆ షెడ్డు ఎప్పుడూ ఉండి ఉండదు. అతను మూత వేసి నా వైపు తిరిగాడు. అడగలేకపోయాడు. మేనేజరు అడిగాడు.

"తాళం మేడమ్‌ది సార్. మేడమ్ ఇప్పుడు ఫ్యాక్టరీ లోపల లేరని... మీరు ఒక మాట చెప్పాలి."

ఆమె చనిపోయిందని అప్పటికి చాలామందికి చెప్పాను. బ్యాంకులో చెప్పాను, గ్యాస్ ఏజెన్సీలో చెప్పాను. ఇక్కడ ముందు జేబులోంచి చెవి తీసి పట్టుకున్నాను.

"లేదు" అన్నాను. "ఆమె లోపల లేదు."

చెవి తిప్పితే తాళం వెంటనే వచ్చింది. ఫిట్టరు దాన్ని తీసుకొని తుడవబోయి, బొట్టు చూసి, తుడవకుండానే నా చేతిలో పెట్టాడు. అందరూ దూరంగా జరిగాక స్విచ్ వేశారు. యంత్రం తిరిగింది. ప్యాకింగ్ ఆడవాళ్ళు తలకు టోపీలు పెట్టుకుంటూ తమ తమ బల్లల దగ్గరికి వెళ్ళారు. నేను ఇంటికి వచ్చేశాను. దారిలో ఆటో అతను ఏదో అడిగాడు, వినలేదు.

డిసెంబరు వచ్చింది. సందులో అక్కడక్కడా నక్షత్రాలు కనిపించాయి. ఒక సాయంత్రం నేను మాది అటక మీంచి దించి, దుమ్ము తుడిచి, మెయిన్ ఆపి, అదే ఎర్ర తాళం డబ్బాకు వేసి, డాబా మీదికి వెళ్ళాను. నిచ్చెన ట్యాంకుకు ఆనించాను. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. నేనెప్పుడూ అది ఎక్కలేదు. పట్టుకోవడమే తెలుసు.

ఎదురు డాబా మీది నుంచి మామ చూస్తున్నాడు. ఈసారి ఎగతాళి చేయలేదు.

"సార్, ఆగు. నేనొస్త. నేను పట్టుకుంట, నువ్వెక్కు."

"మీకెందుకు మామా, మోకాళ్ళ నొప్పులు."

"పట్టుకునేదానికి మోకాళ్ళెందుకు? చేతులున్నయ్ గదా."

మంచి మాటే. అతను వచ్చి పట్టుకునేవాడే, గట్టిగానే పట్టుకునేవాడు. కాని ఎక్కే ముందు పట్టుకున్నరా అని అడగాలి. ఆ ప్రశ్న నేను అడగడం, జవాబు ఇంకో గొంతులో రావడం నాకు చేత కాదనిపించింది.

"వద్దులే మామా" అన్నాను. "కిటికీకి కడ్త."

"కిటికీకా?"

"ఆమెనే చెప్పింది."

నిచ్చెన పడుకోబెట్టి కిందికి వచ్చాను. నక్షత్రాన్ని ముందు గది కిటికీ ఊచకు కట్టాను. కుర్చీ కూడా అవసరం కాలేదు, చెయ్యి అందింది. మెయిన్ తాళం తీసి, నక్షత్రం వెలిగించి, వైరు వేడెక్కుతోందేమో వేళ్ళతో పట్టి చూశాను. చల్లగానే ఉంది. రాత్రి ఆరాధనకు వెళ్ళేముందు ఆపాను. తిరిగి వచ్చాక వేశాను.

సందులోకి తిరగగానే దూరం నుంచి మా ఇంటి నక్షత్రం కనిపించేది. ఇప్పుడు గేటు దాకా వస్తే గాని కనిపించదు. డాబా మీద కట్టడం మానేశాను.