లైసెన్స్ చదవకుండా పంచిన సీడీ

2006లో నేను హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేసేవాణ్ణి. ఎవరైనా కాపీ చేసి పంచుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సీడీలకెక్కించి పల్లె బడులకు ఇచ్చేవాళ్ళం. మొయినాబాద్ దగ్గర వినికిడి లేని పిల్లల బడి ఒకటి ఉండేది. నాలుగు కంప్యూటర్లు, సుజాత అనే ఒకే టీచర్.

ఆమె దగ్గర సైగల భాష నేర్పే కదిలే బొమ్మల పాఠాలున్నాయి. అవి తెరమీద ఆడాలంటే ప్లగిన్, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్, కావాలి. ఒక విదేశీ కంపెనీ దాన్ని ఉచితంగానే ఇచ్చేది. ఉచితమే కదా అని దాన్నీ మా సీడీలో చేర్చేశాను.

చిన్న మంగళారం ఊరి నుంచి ఆ బడికి వచ్చే స్వప్నకు పదేళ్ళు. ఆ బొమ్మలు చూసి నేర్చుకున్న సైగలు ఇంట్లో చేసి చూపించిందట.

"కడుపు నొస్తున్నదని మొదటిసారి చెప్పింది సారూ. ఇన్నేండ్లు ఏడుస్తుంటే ఎందుకో తెల్వకపోతుండె," అన్నాడు వాళ్ళ నాన్న.

నెల తర్వాత మా సంస్థ లాయర్ ఆ ప్లగిన్ లైసెన్స్ నా ముందు పెట్టాడు. ఎవరికి వారు కంపెనీ సైటు నుంచి దించుకోవచ్చు. రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరు పంచకూడదు.

"సీడీలు వెనక్కి తెప్పించండి. ఎక్కించిన చోటల్లా తీసేయండి," అన్నాడు.

బడికి ఇంటర్నెట్ లేదు. నేను తెచ్చిచ్చినా పంచినట్టే. బడి తనే దించుకున్నట్టవుతుందని సుజాతా నేనూ ఒక సీపీయూను ఆటోలో చేవెళ్ల నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళాం. డౌన్‌లోడ్ మూడుసార్లు మధ్యలోనే ఆగిపోయింది.

"జర గట్లనే ఉండనియ్యన్నా. ఎవరు చూస్తరు?" అంది సుజాత.

బడికి తిరిగొచ్చి నాలుగు కంప్యూటర్లలోనూ ప్లగిన్ తీసేశాను. స్వప్న వచ్చి పాఠం తెరిచింది. బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు గడి. పదేపదే నొక్కి, టీచర్ వైపు తిరిగి ఏదో సైగ చేసింది.

"ఏమంటున్నది?"

"తనేం తప్పు చేసిందని అడుగుతున్నదన్నా."

అనుమతి దరఖాస్తు ఒక్క పేజీ. ఆ రోజే కంపెనీకి పంపాను. అనుమతి రావడానికి ఐదు నెలలు పట్టింది. కొత్త సీడీ పట్టుకుని వెళ్తే బడి లేదు. ఆ స్థలాన్ని యజమాని ఫామ్‌హౌస్ ప్లాట్లకు అమ్మేశాడు. సుజాతకు ఫోన్ చేశాను.

"పిల్లలేరి?"

"ఎవరిండ్లల్ల వాళ్లున్నరన్నా. స్వప్న కూలికి పోతున్నది."

ఆ నిబంధన అన్యాయమని నేననను. సీడీ తయారుచేసే ముందే చదివి ఉంటే, ఆ ఒక్క పేజీ అప్పుడే పంపేవాణ్ణి. ఇచ్చిన పాఠాలను ఆ పిల్లల దగ్గర్నుంచి లాక్కోవలసి వచ్చేది కాదు. ఉచితంగా వాడుకోవడం వేరు, పంచే హక్కు వేరు. అది నాకు తెలిసివచ్చేసరికి నష్టపోయింది మాత్రం వాళ్ళు.