ముడి దగ్గర తెగిన వల

యుగంధర్ పనిచేసే నైలాన్ ఫ్యాక్టరీ శ్రీకాకుళం వెళ్ళే హైవే పక్కన ఉంది. నైలాన్ గుళికలను కరిగించి, సన్నటి రంధ్రాల్లోంచి లాగి, చేపల వలలకు దారం తీస్తారక్కడ. డిప్లొమా చదివి చేరిన యుగంధర్, కరిగించే విభాగానికి ఇన్‌ఛార్జి అయ్యాడు. అతనిది శ్రీకూర్మం దాటాక వచ్చే ఒడ్డు ఊరు. తాత, తండ్రి వేటకు పోయినవాళ్ళే. ఊళ్ళో వలలన్నీ తమ ఫ్యాక్టరీ దారంతోనే అల్లుతున్నారని చెప్పుకోవడం అతనికి ఇష్టం.

అలాంటి సమయంలో విదేశీ దారం బజారులోకి దిగింది. వీళ్ళు గుళికలు కొనే ధరకే అక్కడ తయారైన దారం దొరుకుతోంది. ఇక కరెంటు, జీతాలు అన్నీ నష్టం కిందే లెక్క. పోనీ ఆపేద్దామంటే అదీ కుదరదు. వేడి తగ్గితే కరిగిన నైలాన్ గొట్టాల్లోనే గడ్డకడుతుంది. అవన్నీ విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ నడపాలంటే నష్టానికి నడపడం కంటే ఎక్కువ ఖర్చు.

ఉపాయం చెప్పింది యుగంధరే. తీస్తున్నప్పుడు తెగిపోయిన దారాన్ని తుక్కు కింద అమ్మేసేవారు. దాన్ని మళ్ళీ కరిగించి కొత్త గుళికల్లో కలుపుదామన్నాడు. రెండోసారి కరిగిన నైలాన్‌కి బలం తగ్గుతుందని అతనికి తెలుసు. కొంచెమే కదా అనుకున్నాడు. ఖర్చు తగ్గేసరికి ఆ కొంచెం పెరుగుతూ పోయింది. సూటిగా లాగి చూస్తే దారం ఆగేది, ముడి వేసి లాగితే తెగేది. ముడి వేసి లాగే పరీక్షను ఎవరూ ఏమీ అనకుండానే మానేశారు. దారం డబ్బాల మీద మాత్రం పాత ‘మొదటి రకం’ ముద్రే. ఒక్కరి ఉద్యోగమూ పోలేదు. మేనేజర్ నరసింగరావు అందరి ముందూ యుగంధర్‌కి శాలువా కప్పాడు.

ఆ ఏడే, సొంత ఊళ్ళోనే కాపురం ఉంటున్న అక్క కూర్మమ్మ ఫోన్ చేసింది. “ఒరే తమ్ముడా, మీ బావ సరిగా అన్నం తినట్లేదురా. ఓపాలి వచ్చి పో.”

వెళ్ళేసరికి బావ నూకయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముందు చిరిగిన వల కుప్ప. ఎన్నాళ్ళకో వంజరం మంద తగిలిందట. పైకి లాగుతుంటే వల విచ్చుకుపోయి చేపలన్నీ జారిపోయాయి.

“ఎండలో ఎండేసి మరిసిపోనాడు ఈ మహానుబావుడు,” అంది కూర్మమ్మ. “మంచి వల నాశనం సేసినాడు.”

నూకయ్య తలెత్తలేదు. “తప్పు నాదేరా. నువ్వు దగ్గరుండి మొదటి రకం ఇప్పించినావు. నీ మాట పోగొట్టినాను.”

యుగంధర్ వల చేతిలోకి తీసుకున్నాడు. ఎండకు పాడైన దారం తెల్లబారి పొట్టులా రాలుతుంది. ఇది రంగు మారలేదు. తెగిన ప్రతిచోటా ముడి దగ్గరే తెగింది. ఇది తుక్కు కలిపిన దారమేనని అతనికి అర్థమైపోయింది.

“పోనీలే బావా. కొత్తది ఇప్పిస్తాను,” అన్నాడు. తెగిన ముడులు లోపలికి పోయేలా వల మడిచి పక్కన పెట్టాడు. అక్క పెద్ద చేపముక్క అతని కంచంలోనే వేసింది.

మర్నాడు నరసింగరావుని కలిశాడు. తుక్కు కలిపిన దారానికి రెండో రకం అని ముద్ర వేద్దామనీ, పాదుల పందిళ్ళకు, తాళ్ళకు అమ్ముకుందామనీ అడిగాడు.

“ఆ ధరకి అమ్మితే ఒక లైను ఆపేయాలి. అందులో పనిచేసేవాళ్ళని ఏం చేద్దాం?” అన్నాడు నరసింగరావు. కోపంగా అనలేదు. “అయినా ఈ ఆలోచన నీదే కదయ్యా.”

యుగంధర్ లేచి పనిలోకి వెళ్ళిపోయాడు. అక్క ఊరికి పోవడం తగ్గించాడు. ఫోన్ మోగితే పేరు చూసి పక్కన పెట్టేసేవాడు.

చివరికి ఊరి పండక్కి వెళ్ళక తప్పలేదు. ఒడ్డున వలల షెడ్డులో నూకయ్య తోటివాళ్ళకు చెబుతున్నాడు. “నీడలోనే ఎండెయ్యండిరా. నాలాగ సేసుకోకండి. దారం మంచిదే, నానే సెడగొట్టుకున్నాను.” ఎవరో నవ్వారు. నూకయ్య కూడా నవ్వాడు.

ఆ నవ్వు చూసి యుగంధర్ తట్టుకోలేకపోయాడు.

“బావ తప్పు లేదు,” అన్నాడు అందరి ముందూ. “దారంలో తుక్కు కలిపినాం. కలపమని సెప్పింది నానే.”

నూకయ్య లేచి అతని ఎదురుగా వచ్చాడు.

“వల పోతే పోనాదిరా. ఇంటిదాని సేత, ఊరోళ్ళ సేత మాటలు పడ్డాను. నీకు తెలిసీ, సూస్తా ఎలాగ ఊరుకున్నావు?”

యుగంధర్ షెడ్డు బయటికి వచ్చేశాడు.

మాట ఒడ్డు వెంబడి పాకింది. దుకాణాల వాళ్ళు డబ్బాలు తిప్పి పంపారు. కంపెనీకి రెండో రకం ముద్ర వేయక తప్పలేదు, నరసింగరావు అన్నట్టే ఒక లైను ఆగింది. యుగంధర్‌ని స్టోర్స్‌కి మార్చారు. దారం చుట్టే ఈశ్వరి, మరికొందరు ఇళ్ళకు పోయారు. బస్టాపులో ఎదురుపడినప్పుడు ఈశ్వరి అంది: “నిజం సెప్పినావని అంతా మెచ్చుకుంటన్నారు బాబూ.” ఆమె ముఖంలో కోపం లేదు. అందుకే అతనికి మరీ సిగ్గనిపించింది. ఈశ్వరి ఉద్యోగాన్ని ఇన్నాళ్ళూ నిలబెట్టింది ఆ తుక్కేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

యుగంధర్ ఇప్పటికీ అక్క ఇంటికి వెళ్తాడు. నూకయ్య వేరే చోట కొన్న వల బాగుచేసుకుంటూ ఉంటాడు, పలకరించడు. మొన్న ఒకసారి గాలికి వల ఎగిరిపోతుంటే, “ఆ అంచు పట్టుకో,” అన్నాడు. యుగంధర్ పట్టుకుని, పని అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.